కుండ, కుమ్మరి, మా పెదనాన్న

నేను చేసిన మొదటి తప్పు పుస్తకాలు వరస తప్పి చదవడం. రిచర్డ్ డాకిన్స్ 1976 నుంచి జీవశాస్త్రం మీద రాస్తూ వచ్చినవన్నీ వదిలేసి, 2006లో దేవుడి మీద రాసిన 'ది గాడ్ డెల్యూజన్' దగ్గర మొదలుపెట్టాను. ఏదో ఆలోచించి చేసింది కాదు. ఆదివారం పూట అబిడ్స్‌లో మూసేసిన షాపుల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా, జావా పుస్తకం కోసం వెళ్తే అది కనబడింది. నూట యాభై అన్నాడు, బేరమాడితే ఎనభైకి ఇచ్చాడు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. కొత్త ఉద్యోగం, అమీర్‌పేటలో ముగ్గురం కలిసి ఉండే గది. రెండు రాత్రుల్లో చదివేసి, మూడో రోజు నుంచి ఒకడు పొద్దున్నే పెట్టుకునే విభూతి మీదా, ఇంకొకడు మంగళవారం మానేసే ఆమ్లెట్ మీదా ఉపన్యాసాలు మొదలుపెట్టాను. వాళ్ళు నన్ను గెంటేయకపోవడానికి కారణం అద్దెలో మూడో వంతు నాది కావడమే అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ నెలాఖరుకి కాకినాడలో అన్నయ్య గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం. కథలో కళావతి ప్రసాదం తినకుండా పరిగెత్తినందుకు మొగుడి పడవ మునిగిపోయే ఘట్టం దగ్గర నేను ఉండబట్టలేక, అందరికీ వినబడేలా, "ప్రసాదం తినకపోతే పడవ ముంచేసే దేవుడేంటి?" అన్నాను. అమ్మ చూసిన చూపు ఇంకా గుర్తుంది. పంతులుగారు ఆగలేదు, కథ పూర్తి చేసి శంఖం ఊదారు. భోజనాల దగ్గర మాత్రం పెదనాన్న పక్కన చోటు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోవాల్సి వచ్చింది.

పెదనాన్న ఇంటర్మీడియట్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు బైపీసీ పిల్లలకి డార్విన్‌ని చెప్పిన మనిషి, శనివారం తప్పకుండా వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళే మనిషి. నాకు అది పచ్చి దొంగాట అనిపించింది, ఆ మాట అనేశాను కూడా. "పొద్దున్న పరిణామం చెప్పి సాయంత్రం తీర్థం పుచ్చుకోవడం ఏంటి పెదనాన్నా, రెండిట్లో ఏదో ఒకటే కదా నిజం?" ఆయన పులిహోర కలుపుకుంటూ, "నువ్వు చదివింది డార్విన్‌నా, డార్విన్ తరఫు ప్లీడర్‌నా?" అన్నారు. సరే పోనీ, ప్రకృతి వరణం అంటే ఏంటో ఒక్క నిమిషంలో చెప్పు, అన్నారు. చెప్పాను. బలమున్నవాడు బతుకుతాడు, లేనివాడు పోతాడు.

విస్తరి ముందు అంత నవ్వు నవ్వడం ఆయన్ని ఎప్పుడూ చూళ్ళేదు. "అది డార్విన్ మొదట అన్నమాట కాదురా, హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1864లో అన్నది. డార్విన్ తర్వాతెప్పుడో తన 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' అయిదో ఎడిషన్‌లో చేర్చుకున్నాడు. అయినా బలం సంగతి ఎవడడిగాడు? ఎవడి పిల్లలు ఎంతమంది మిగిలి మళ్ళీ పిల్లల్ని కన్నారన్నదే లెక్క. బొద్దింకకి ఏం బలముంది?"

నేను మజ్జిగ అన్నం దాకా మాట్లాడలేదు. దేవుడు లేడని రెండు రాత్రుల్లో తేల్చేసుకున్నవాణ్ణి, దేన్ని ఆధారంగా పెట్టుకుని తేల్చుకున్నానో ఆ ముక్క మాత్రం ఇంటర్ పిల్లాడికొచ్చినంత కూడా రాదు. (నేను ఎంపీసీ. నా జీవశాస్త్రం పదో తరగతితో ఆగిపోయింది. మన రాష్ట్రాల్లో సగం మంది ఇంజనీర్ల పరిస్థితి ఇదే, అందుకే మేం పరిణామం గురించి ఇంత ధైర్యంగా మాట్లాడతాం.)

తర్వాత ఏడాది రెండేళ్ళు వెనక్కి వెళ్ళి చదివాను. డాకిన్స్‌దే 'ది బ్లైండ్ వాచ్‌మేకర్', 1986. అమెరికా శిలాజశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ వ్యాసాలు. టిక్టాలిక్ అనే చేపని తవ్వి తీసిన నీల్ షూబిన్ రాసిన 'యువర్ ఇన్నర్ ఫిష్'. టిక్టాలిక్ మొత్తంగా చేపే, కానీ దానికి మెడ ఉంది, రెక్కల లోపల మణికట్టులాంటి ఎముకలున్నాయి, 37 కోట్ల ఏళ్ళు దాటిన రాతిలో దొరికింది. నాకు నచ్చిందేమిటంటే అది అదృష్టవశాత్తు కాళ్ళకి తగిలింది కాదు. ఆ మధ్యరకం జీవి ఏ వయసు రాళ్ళలో ఉండాలో ముందే లెక్కేసుకుని, ఆ వయసు రాళ్ళు కెనడా ఉత్తరాన ఆర్కిటిక్‌లో బయటికి తేలి ఉన్నాయని చూసుకుని, ఏళ్ళ తరబడి ఎండాకాలాల్లో పోయి వెతికితే 2004లో దొరికింది. జాతకం చూసేవాళ్ళెవరూ ఇలా ముందే చెప్పి, చెప్పిన చోట తవ్వి చూపించగా నేను వినలేదు.

అదే సమయంలో పెద్దమ్మకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ముందురోజు డాక్టర్ కాయితం మీద సంతకం పెట్టించుకుంటూ, గొంతుకి పోయే నరం ఒకటి ఆ గ్రంథి వెనకే ఉంటుంది, దానికి దెబ్బ తగిలితే గొంతు బొంగురు పోవచ్చు, జాగ్రత్తగానే చేస్తాం అన్నాడు. పెద్దమ్మ భజనల్లో పాడుతుంది, ఆవిడకి అదొక్కటే టెన్షన్. నేను వారం కిందటే ఆ నరం గురించి చదివి ఉన్నాను. అది మెదడు దగ్గర బయల్దేరిన పెద్ద నరంలోంచి విడిపోయి పక్కనే ఉన్న స్వరపేటికలోకి పోవాలి. బెత్తెడు దూరం. పోదు. ఎడమవైపుది గొంతు దాటి ఛాతీలోకి దిగి, గుండె దగ్గర మహాధమని కింద చుట్టు తిరిగి, మళ్ళీ పైకొచ్చి, థైరాయిడ్ వెనకనుంచి స్వరపేటికకి చేరుతుంది. జిరాఫీలో ఈ చుట్టుదారి నాలుగు మీటర్లు దాటుతుంది. ఏ ఎలక్ట్రీషియనైనా వంటింట్లో లైటుకి వైరు మేడమీద నుంచి తిప్పి తెస్తే డబ్బులిస్తామా? చేపల్లో చూస్తే మాత్రం ఆ దారి తిన్నగానే ఉంటుంది. మెడ లేదు, గుండె మొప్పల పక్కనే, నరం రక్తనాళం వెనకనుంచి పోతే తేడా ఏం లేదు. తరాల తరబడి మెడ సాగుతూ గుండె కిందికి జారుతూ పోతుంటే నరం ఆ రక్తనాళానికి తగులుకుని అలా సాగుతూనే ఉండిపోయింది. ఒక్కసారి తెంపి మళ్ళీ కొత్తగా వేసుకునే వీలు పరిణామానికి లేదు.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఇదంతా పెదనాన్నకి చెబుతుంటే, ఆయనకి తెలిసిందే అయినా, పూర్తిగా విన్నారు. చివర్లో "ఆవిడ గొంతు బాగుంటే చాలురా" అన్నారు. బాగానే ఉంది, ఇప్పటికీ పాడుతోంది. ఆయన ఆ సాయంత్రం గుడిలో కొబ్బరికాయ కొట్టొచ్చారు, నేను ఏమీ అనలేదు.

అనకపోవడానికి పెద్దమ్మ మీద ప్రేమ ఒక కారణం, రెండోది అప్పటికే నాకొక అనుమానం పట్టుకోవడం. ఈ పుస్తకాలు ఏ దేవుడితో పోట్లాడుతున్నాయి? విలియం పేలీ అనే ఇంగ్లీషు మతాచార్యుడు 1802లో రాసింది ఇదీ: దారిలో గడియారం దొరికితే దాన్ని చేసినవాడు ఒకడున్నాడనుకుంటాం, కన్ను గడియారం కంటే గొప్ప యంత్రం, కాబట్టి దాన్ని చేసినవాడూ ఉన్నాడు. డార్విన్ కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో పేలీని ఇష్టంగా చదివాడు, తర్వాత ఆ వాదాన్ని కూలగొట్టింది ఆయన పుస్తకమే. అమెరికాలో ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. 1925లో డేటన్ అనే ఊళ్ళో ఒక టీచర్ మీద పరిణామం చెప్పినందుకు కేసు పెట్టారు, 2005లో డోవర్ కేసులో ఇంటెలిజెంట్ డిజైన్ (జీవుల వెనక తెలివైన కర్త ఒకడున్నాడనే వాదం) సైన్స్ కాదని జడ్జి తీర్పు రాయాల్సొచ్చింది. భూమి వయసు కొన్నివేల ఏళ్ళే అని పిల్లలకి చెప్పే స్కూళ్ళున్న దేశంలో పుట్టిన కోపం ఆ పుస్తకాల పేజీ పేజీలో ఉంది. న్యాయమైన కోపమే. కానీ మా ఇంట్లో ఎవరికీ భూమి వయసుతో పేచీ లేదు. కల్పాలనీ మన్వంతరాలనీ కోట్ల సంవత్సరాలు చెప్పుకునేవాళ్ళకి 450 కోట్ల ఏళ్ళంటే "అంతేనా" అన్నట్టుంటుంది.

గడియారం మాటకొస్తే మనకీ ఒకటుంది, కుండ. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే, జగత్తు ఉందంటే దానికో కర్త ఉన్నట్టే అని నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్ళు, వాదించారు, ఉదయనుడు దాని మీద 'న్యాయకుసుమాంజలి' అని ఏకంగా ఓ గ్రంథమే రాశాడు. దాన్ని కాదన్నది నాస్తికులొక్కరే అనుకుంటే పొరపాటు. వేదం తప్ప ఇంకేదీ అక్కర్లేదన్న మీమాంసకులు సృష్టికర్తే అక్కర్లేదన్నారు. ఇంకా చిత్రం, రామానుజులు. విష్ణువుని మించి ఇంకేదీ ఎరగని మనిషి, బ్రహ్మసూత్రాల మీద రాసిన శ్రీభాష్యంలో ఈ కుండ వాదాన్ని పట్టుకుని చితకబాదాడు. కుండని చూస్తే కుమ్మరి ఉన్నాడని తెలుస్తుంది సరే, కానీ నీకు కనబడ్డ కుమ్మరులందరికీ ఒళ్ళుంది, పెద్ద మేడ కట్టాలంటే ఒక్కడు చాలడు చాలామంది కావాలి, మరి ఒళ్ళులేని సర్వజ్ఞుడైన ఒకే ఒక్కడు ఎక్కణ్ణుంచి వచ్చాడు? స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దాదాపు ఇవే ప్రశ్నలు వేసిన పుస్తకం 1779లో వచ్చింది, రామానుజుల తర్వాత ఆరు వందల ఏళ్ళు దాటాక. "అన్నీ వేదాల్లోనే ఉన్నాయష" బాపతుగా చెప్పడంలేదు ఇది. రామానుజులు అక్కడ తేల్చింది దేవుణ్ణి తర్కంతో పట్టుకోలేం, శాస్త్రం, అంటే వేదం, చెబితేనే తెలుస్తాడు అని. ఆ చివరి మాటకి నేను ఒప్పుకోను. నేననేదల్లా, కుమ్మరి వాదం ఓడిపోయాక కూడా భక్తి చెక్కుచెదరకుండా ఉండే ఏర్పాటు మన దగ్గర ఎప్పుడో జరిగిపోయింది. పెదనాన్న వెంకటేశ్వరస్వామి కళ్ళు తయారుచేసినందుకు గుడికి వెళ్ళడంలేదు. మొసలి కాలు పట్టుకున్నప్పుడు ఏనుగు, అసలు ఉన్నాడో లేడో అని సందేహపడుతూనే పిలిచింది కదా, ఆ పిలుపు లాంటిదేదో ఆయనది. నేను ఆయన మీదికి విసిరిన రాయి ఇంగ్లండులో ఎవరి ఇంటిమీదో పడాల్సింది.

అలాగని నాస్తికత్వం మనకి దిగుమతి సరుకని కాదు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, బోటనీ ఎం.ఏ. చదివి బోటనీ పాఠాలు చెప్పినవాడు, అదీ మా కాకినాడ పి.ఆర్. కాలేజీలో. నాస్తిక భావాల వల్లే అక్కడ ఉద్యోగం పోయింది, తర్వాత మచిలీపట్నంలోనూ అంతే. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో అది విజయవాడకి మారింది. బోటనీ లెక్చరర్ కదా, మొక్కల పరిణామం చూపించి దేవుడు లేడన్నాడేమో అనుకున్నాను. వెతికితే అలాంటిదేం కాదు. దయ్యాలున్నాయన్న ఇంట్లో పడుకోవడం, గర్భంతో ఉన్న భార్య సరస్వతిగారు గ్రహణం పూట ఆరుబయట తిరగడం, అంటరానివాళ్ళన్న వాళ్ళతో పంక్తిభోజనాలు, జంధ్యం తీసేసి తండ్రి ఇంట్లోంచి బయటికి నడవడం. గాంధీతో కూర్చుని వాదించిందీ అంటరానితనం పోవాలంటే నాస్తికత్వం కావాలా వద్దా అనే. ఆయన కర్మసిద్ధాంతాన్ని చూసి నాస్తికుడయ్యాడు, కన్నుని చూసి కాదు. అసలు డార్విన్ మాటేమిటి? ఆయన 1879లో ఒక ఉత్తరంలో, దేవుడు లేడనే అర్థంలో నేనెప్పుడూ నాస్తికుణ్ణి కాను, తెలియదనేవాణ్ణి అంటే సరిపోతుందేమో అని రాశాడు. పదేళ్ళ కూతురు ఆనీ 1851లో జబ్బుచేసి పోయింది. ఆయన విశ్వాసంలో మిగిలిందేదైనా ఉంటే గాలపగోస్ దీవుల పిచ్చుకల ముక్కులకంటే ఆ చావే దాన్ని ఎక్కువ తినేసిందని జీవితచరిత్రలు రాసినవాళ్ళు చాలామంది అంటారు.

ఇక్కడిదాకా వచ్చాక, సైన్స్ దారి సైన్స్‌ది, మతం దారి మతానిది, రెంటికీ హద్దు గీసి ఎవరి పొలం వాళ్ళు దున్నుకోండి అని గూల్డ్ 1999లో చెప్పిన రాజీ మాటకి నేనూ సంతకం పెట్టేశాననుకోవచ్చు మీరు. కొన్నాళ్ళు అలాగే ఉన్నాను కూడా. పెదనాన్నతో శాంతి, ఇంట్లో పండగలకి ప్రశాంతంగా పులిహోర.

ఆ హద్దురాయిని అవతలివైపు వాళ్ళే పీకేశారు. 2018 జనవరిలో ఒక కేంద్ర సహాయమంత్రి, కోతి మనిషి కావడం మన పెద్దలెవరూ చూడలేదు, డార్విన్ తప్పు, బడి పుస్తకాలు మార్చాలి అన్నాడు. మరుసటేడు జలంధర్‌లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరే లేచి దశావతారాలు డార్విన్ కంటే మెరుగైన సిద్ధాంతం అన్నాడు, కౌరవులు టెస్ట్ ట్యూబ్ బేబీలన్నాడు, రావణాసురుడికి ఇరవై నాలుగు రకాల విమానాలున్నాయన్నాడు. ఇవి భక్తి మాటలు కావు, ప్రపంచం గురించి చెప్పే మాటలు, వాటికి లెక్క అడగొచ్చు.

ఎవరూ చూడలేదట. అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరిలో పన్నెండు గాజు ఫ్లాస్కుల్లో ఒకే బాక్టీరియాని వేసి, రోజూ అందులో వందో వంతు తీసి కొత్త ద్రవంలో వేస్తూ వచ్చాడు, రోజుకి ఆరేడు తరాలు. అయిదు వందల తరాలకోసారి కొన్నిటిని గడ్డకట్టించి దాచడం, అంటే తాతముత్తాతలు కూడా ఫ్రీజర్‌లో ప్రాణంతో ఉన్నట్టే. 31 వేల తరాలు దాటాక ఒక ఫ్లాస్కులోవి, ఒక్కదాంట్లోవి మాత్రమే, ఆ ద్రవంలో ఎప్పటినుంచో ఉన్నా గాలి తగిలే చోట వాటి జాతి తినలేని సిట్రేట్ అనే పదార్థాన్ని తినడం మొదలుపెట్టాయి. ఒకరోజు పొద్దున ఆ ఫ్లాస్కు మిగతావాటికంటే మబ్బుగా ఉంది, అవి అంతగా పెరిగాయి. అంతే చూడ్డానికి.

దశావతారాల సంగతి పెదనాన్నే తేల్చారు, టీవీలో ఆ వార్త వస్తుంటే. "తాబేలు సరీసృపంరా, చేప తర్వాత కప్ప రావాలి. పైగా పరశురాముడు, రాముడు, కృష్ణుడు ముగ్గురిదీ ఒకటే జాతి, అందులో పరిణామం ఎక్కడుంది? స్వామిని పూజ చేసుకోండి, పరీక్ష పేపర్లో రాయకండి." ఆయన క్లాసులో ప్రతి ఏడూ ఒక పిల్లాడు అడిగేవాడట, కోతినుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకున్నాయండీ అని. "మీ పెదనాన్న పిల్లలున్నారుగా, మరి నువ్వెందుకున్నావ్?" అనేవారట. నువ్వు వాళ్ళనుంచి పుట్టలేదు, వాళ్ళూ నువ్వూ ఒకే తాతకి. చింపాంజీకీ మనకీ ఆ తాత అరవై డెబ్భై లక్షల ఏళ్ళ కిందట. వరసకి పెత్తండ్రి కొడుకు. ఇంగ్లీషులో కజిన్ అంటే ఈ బిగువు రాదు, మనకి చుట్టరికాల్లో ఉన్నంత లెక్క వాళ్ళకి లేదు.

నిజానికి పరిణామం మన నమ్మకాల్లో ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు తెలిసింది ఏ పుస్తకంలోనూ కాదు, మా ఇంటి అరుగు మీద, కేదారేశ్వర నోము రాత్రి. భోజనాలైపోయాయి, కరెంటు పోయింది, అందరం అరుగు మీద చేరాం. పెదనాన్న పిల్లల్ని కూర్చోబెట్టి, "బొటనవేలు చిటికెనవేలికి ఆనించండి, ఇప్పుడు మణికట్టు కొంచెం లోపలికి వంచండి" అన్నారు. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే మణికట్టు మధ్యలో సన్నటి తాడులా లేచింది, ఆయనకి పసుపు తోరం కింద నుంచి. చెట్లెక్కే చుట్టాలకి పనికొచ్చే కండరం తాలూకు తాడు అది, మనకి దాదాపు ఏ పనీ చెయ్యదు, అందుకే కొంతమందికి అసలుండదు, లేనివాళ్ళకి పట్టు ఏం తగ్గదు. సర్జన్లకి ఎక్కడైనా అతుకు వెయ్యడానికి తాడు కావలిస్తే దీన్నే కోసుకుంటారు. అందరం చూసుకున్నాం. నాకు రెండు చేతులకీ ఉంది. అన్నయ్యకి ఒక చేతికే. పంతులుగారు కూడా ముచ్చటపడి చేతులు చాపారు, రెంటికీ లేదు. "అయితే పంతులుగారు మనందరికంటే ఓ మెట్టు పైనున్నట్టా?" అంది పెద్దమ్మ. పంతులుగారు మొహమాటంగా నవ్వుతుంటే పెదనాన్న, "మెట్లు లేవే, కొమ్మలే. పైనా కిందా ఏం లేదు" అన్నారు, చాలా మామూలుగా, ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసిన మాట కాబట్టి.

నాకప్పుడు తట్టింది. ఎనభై నాలుగు లక్షల యోనులంటాం. పురుగై పక్షై పశువై ఎక్కుకుంటూ ఎక్కుకుంటూ వస్తే చివరికి దొరికేది మానవజన్మ, అందులో మళ్ళీ ఏ ఇంట్లో పుట్టావన్నదానికి ఇంకో నిచ్చెన. మన ఆలోచన మొత్తం మెట్ల మీద కట్టింది. పరిణామానికి సృష్టికర్తతో ఉన్న తగువు ఇంగ్లీషువాళ్ళది. దానికి మనతో ఉన్న తగువు ఈ నిచ్చెన దగ్గర. బొద్దింక నాకంటే కింద లేదు, నేను వచ్చినంత దూరమూ అదీ వచ్చింది, దాని దారిలో. ఎవరూ ఎక్కడికీ ఎక్కడంలేదు. ఎక్కడానికి పైన ఏమీ లేదు. పుట్టుకలో పైనా కిందా ఉందని, అది వెనకటి జన్మలో సంపాదించుకున్నదని నమ్మితే తప్ప నిలబడని ఏర్పాట్లు మన ఊళ్ళల్లో ఎన్ని ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు. గోరా తన్నిందీ దాన్నే, ఆయన బోటనీ పక్కకి పెట్టి తన్నాడు. బోటనీతోనే తన్నొచ్చు.

ఆ మాట పెదనాన్నతో అంటే ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. కరెంటొచ్చింది, పిల్లలు లోపలికి పరిగెత్తారు. "ఇన్నాళ్ళకి ఒక ప్రశ్న అడిగావ్" అన్నారు. జవాబు చెప్పలేదు, ఇప్పటిదాకా. శనివారాలు గుడికి వెళ్తూనే ఉన్నారు. కానీ నేను గడియారం పట్టుకుని వాదించిన ఏళ్ళన్నిట్లో ఆయన మొహంలో కదలని గీత ఆ రాత్రి కదిలింది, నేను చూశాను.

మన తెలుగులో పాపులర్ సైన్స్ రాసినవాళ్ళు లేకపోలేదు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ మానవ పరిణామం గురించి ఎంత తేటగా రాశాడో చదివినవాళ్ళకి తెలుసు. కానీ ఇప్పుడు నా వయసువాళ్ళు నాస్తికత్వం కోసం మొహం తిప్పేది ఇంగ్లీషు పుస్తకాల వైపు, యూట్యూబ్ డిబేట్ల వైపు, అక్కడ బైబిల్ మీద వేసిన ప్రశ్నలు వల్లెవేసుకొచ్చి ఇక్కడ గరుడపురాణం చదివే అమ్మమ్మ మీద వదులుతున్నారు. మాటల ఇబ్బంది కూడా ఉంది లెండి. పరిణామవాదం అంటే 'వాదం' కాబట్టి ఎవరి వాదన వాళ్ళదే అనిపిస్తుంది, సిద్ధాంతం అందామంటే మన ఊళ్ళో సిద్ధాంతిగారు ఉగాదికి పంచాంగం చదివే ఆయన. పరిణామాలు అంటే పేపర్లో రాజకీయాలు.

జె.బి.ఎస్. హాల్డేన్ గురించి చెప్పకుండా ఉండలేను, ఈ గొడవలో నాకు అందరికంటే నచ్చినవాడు ఆయన, పైగా మా ఊరివాడయ్యాడు చివరికి. ప్రకృతి వరణానికి లెక్కలు కట్టినవాళ్ళలో ఒకడు, జనానికి అర్థమయ్యే సైన్స్ వ్యాసాలు గుట్టలుగా రాసినవాడు, నాస్తికుడు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశాడు, ఇక్కడి పౌరుడయ్యాడు, మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గర పరిశోధన చేశాడు. ఆయన ఒకచోట అన్న మాట: నా వృత్తిలో నేను నాస్తికుణ్ణి, అంటే ప్రయోగం మొదలుపెట్టినప్పుడు ఏ దేవుడూ దయ్యమూ మధ్యలో వేలు పెట్టడన్న నమ్మకంతోనే మొదలుపెడతాను అని. పెదనాన్న ల్యాబ్‌లో చేసిందీ అదే కదా అనిపించింది చదివినప్పుడు. తేడా ఏంటంటే హాల్డేన్, ల్యాబ్‌లో అలా ఉండి బయట ఇంకోలా ఉండటం నిజాయితీ కాదనుకున్నాడు. నేను ఆయన పక్షం. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయాడు, శరీరాన్ని కోసి చదువుకోవడానికి రాసిచ్చేశాడు, అది వచ్చింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. చిన్నప్పుడు ఆ గోడ పక్కనుంచే రోజూ స్కూలుకి వెళ్ళేవాణ్ణి, ఒక్కరూ చెప్పలేదు.

నాన్నమ్మ పోయినప్పుడు పదో రోజు చెరువు గట్టున పిండం పెట్టి కాకి కోసం నిలబడ్డాం. పావుగంటైనా రాలేదు. అమ్మ ఏడుపు ఆపుకుంటోంది, నాన్న "ఏం కోరిక మిగిలిపోయిందో" అంటున్నాడు, నేను, దేవుడు లేడని ఎనభై రూపాయలకి కొనుక్కున్నవాణ్ణి, మనసులో రావే తల్లీ రావే అని అనుకుంటూ నిలబడ్డాను. వచ్చింది. తల పక్కకి వంచి ఓసారి అందర్నీ చూసి ముక్కుతో పొడిచింది. కాకికీ మనకీ ఉమ్మడి తాత దాదాపు 32 కోట్ల ఏళ్ళ కిందట. చుట్టమే. ఆ లెక్క నాకు అక్కడ గుర్తొచ్చింది, ఎందుకో బాగా అనిపించింది కూడా, దాని గురించి ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న అక్క కూతురు పదో తరగతి పుస్తకాలు చూశాను. సీబీఎస్ఈ. ఇదివరకు 'అనువంశికత, పరిణామం' అని ఉండే పాఠం ఇప్పుడు ఒట్టి 'అనువంశికత'. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ తీసేసింది, పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలూ టీచర్లూ ఉత్తరం రాసినా తిరిగి రాలేదు. పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అంటారు. మా మేనకోడలు ఎంపీసీ తీసుకుంటానంటోంది. అంటే నాలాగే, ఏ ఆదివారమో పేవ్‌మెంట్ మీద దొరికే పుస్తకంతో మొదలవుతుంది.

అల్మరాలోంచి రెండు పుస్తకాలు తీశాను. దేవుడిది మళ్ళీ పైన పెట్టేసి, చేపది ఇచ్చాను. ఇంగ్లీషు కష్టంగా ఉందా అంటే "పర్లేదు మామయ్యా" అని మొదటి పేజీ తిరగేసి ఫోన్ చూసుకుంటోంది. సరే అని, బొటనవేలు చిటికెనవేలికి ఆనించమన్నాను. కుడిచేతికి లేచింది. ఎడమచేతికి ఎంత వంచినా లేవలేదు. రెండు మూడుసార్లు నొక్కి చూసుకుని, "నాకెందుకు లేదు?" అంది. చెబుదామనుకునేలోపు కాకినాడకి వీడియో కాల్ చేసేసింది, "తాతయ్యా, నీ చెయ్యి చూపించు ఓసారి."